ఉత్తర్వుకూ గేటుకూ మధ్య

అందరికీ నమస్కారం. ఖైదీల కోసం పనిచేసే సంఘాల గురించి, జైలు సంస్కరణ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ముందు వరుసల్లో న్యాయశాస్త్ర విద్యార్థులు, మధ్యలో కొందరు ప్లీడర్లు, చివర్లో ఈ సభకు ఎందుకు వచ్చామా అని ఆలోచిస్తున్న ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఆ చివరి వరుసవారిని ఉద్దేశించే మాట్లాడతాను. (నవ్వులు)

జైలు సంస్కరణ అనగానే మనకు గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. జైళ్ల శాఖ పెట్రోలు బంకులు, ఖైదీలు తయారుచేసిన బిస్కెట్లు, యోగా దినం నాడు తెల్లచొక్కాల వరుసలు, గాంధీ జయంతి నాడు పండ్ల పంపిణీ, పంచినవాళ్ల ఫొటో. వీటిని వెక్కిరించను. బంకులో పనిచేసి నాలుగు రూపాయలు ఇంటికి పంపిన ఖైదీకి ఆ డబ్బు విలువ తెలుసు. అయితే ఖైదీలకు జరుగుతున్న అన్యాయంలో పెద్ద వాటా గోడల లోపల జరగడం లేదు. కోర్టు బల్లకూ జైలు గేటుకూ మధ్య జరుగుతోంది. ఈ రంగంలో పనిచేయదలచుకున్న సంఘం ముందుగా నిలబడాల్సిన చోటు అదేనని నా వాదన. ఇవాళ చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియంగా మార్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2016లో అక్కడ ఒక ఏర్పాటు మొదలుపెట్టారు. 500 రూపాయలు కట్టినవాళ్లు ఒక రోజంతా ఖైదీలా గడిపేవారు. ఖైదీ బట్టలు ఇచ్చేవారు, జైలు తిండి పెట్టేవారు, మర్నాడు పంపించేసేవారు. సరదాపడి వెళ్లినవాళ్లూ ఉన్నారు. డబ్బు కట్టి లోపలికి వెళ్లే ఏర్పాటు చేసిన ఈ దేశంలోనే, డబ్బు కట్టలేక బయటికి రాలేనివాళ్ల లెక్క కూడా ఉంది. దాని దగ్గరికి వస్తాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75.8 మంది. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. వంద మంది పట్టే చోట 131 మందిని ఉంచారు. జైలు కిక్కిరిసిందంటే నేరాలు పెరిగాయని అనుకోవడం మనకు అలవాటు. తీర్పు రానివాళ్లను పక్కన పెట్టి చూడండి, మన జైళ్లలో సగానికి పైగా ఖాళీ.

ఇక జామీను సంగతి. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

ఒక మనిషిని దొంగతనం కేసులో రిమాండుకు పంపారనుకుందాం. కొన్నాళ్లకు బెయిలు వచ్చింది. పేపర్లో అయితే కథ అక్కడితో ముగుస్తుంది, జైలులో అక్కడ మొదలవుతుంది. ఉత్తర్వులో ఏం రాసి ఉంటుంది? పది వేల రూపాయలకు సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. ఆ ఇద్దరూ ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాస్ పుస్తకమో పట్టుకుని, ఒక పూట కూలి వదులుకుని కోర్టుకు రావాలి. ఆస్తి ఉందని తహసీల్దారు ఇచ్చిన పత్రం కావాలని కొన్ని చోట్ల అడుగుతారు. ఆ పత్రం కోసం ఊళ్లో ఎన్నిసార్లు తిరగాలో పల్లె నుంచి వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజు మేజిస్ట్రేటు సెలవైతే ఇన్‌చార్జి కోర్టుకు పరుగు. అన్నీ కుదిరితే విడుదల ఉత్తర్వు తయారవుతుంది. అది సాయంత్రం లాకప్పు లోపు జైలుకు చేరాలి. చేరకపోతే ఆ రాత్రి లోపలే. మర్నాడు ఆదివారం అయితే లెక్క మీరే వేసుకోండి.

మాకు తెలిసిన ఒక కేసులో ఉత్తర్వు వేళకే చేరింది. జైలు వారంటులో తండ్రి పేరు సింహాచలం అని ఉంది, కోర్టు కాగితంలో సింహాద్రి అని పడింది. గేటు దగ్గర నుంచే కాగితం వెనక్కి వెళ్లింది. జైలు గుమాస్తాను తిట్టుకుని లాభం లేదు, పేరు కలవని మనిషిని వదిలితే అతని ఉద్యోగం పోతుంది. కోర్టు గుమాస్తా రోజుకు ఎన్ని కాగితాలు రాస్తాడో కూడా చూశాం. ఇద్దరూ తమ పని తాము చేశారు. ఆ కుర్రాడు మాత్రం లోపలే ఉండిపోయాడు. ఆ కాగితం మళ్లీ సరైన బల్ల మీదికి చేర్చే మనిషి అతనికి లేడు, అంతే. అతనిది శ్రీకాకుళం వైపు పల్లె, పట్టుబడింది హైదరాబాదులో, ఇంట్లోవాళ్లకు అతను ఏ జైలులో ఉన్నాడో కూడా తెలియదు.

ఈ అవసరం మీద ఒక వ్యాపారమే నడుస్తుంది. కోర్టు ఆవరణ బయట చెట్టు కిందో టీ కొట్టు దగ్గరో అద్దెకు జామీనుదారులు దొరుకుతారు. ఎవరికి పడితే వాళ్లకు పూచీ పడతారు, రేటు ఉంటుంది. న్యాయస్థానం అడిగిన పూచీ ఏమిటి? ఈ మనిషి పారిపోడని అతన్ని ఎరిగిన ఇద్దరు చెప్పాలని. కొనుక్కున్నవాడికి ఎరగనివాళ్ల పూచీ దొరుకుతుంది, కొనలేనివాడికి ఎరిగినవాళ్ల పూచీ కూడా చెల్లదు.

చెల్లదు అని ఊరికే అనడం లేదు. 1978లో మధ్యప్రదేశ్ నుంచి మోతీరాం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మోతీరాం తాపీ పనివాడు. అంతకుముందే సుప్రీంకోర్టు అతనికి బెయిలు ఇచ్చింది. షరతులు నిర్ణయించమని కింది కోర్టుకు పంపింది. మేజిస్ట్రేటు పది వేల రూపాయల జామీను అడిగారు. 1978లో పది వేలంటే తాపీ పనివాడు ఎక్కడి నుంచి తెస్తాడు? సరే, సోదరుడు ముందుకొచ్చాడు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీ తిరస్కరించారు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం బెయిలిచ్చిన మనిషి, జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోయాడు.

మళ్లీ సుప్రీంకోర్టుకు వెళితే జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమన్నారు. ఆ తీర్పులో ఆయన ఒక ప్రశ్న వేశారు. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, ఆంధ్రుడో బస్తరులోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో ఏదో చిన్న కేసులో పట్టుబడితే ఆ దూరదేశంలో ఆస్తిపరులైన జామీనుదారులను ఎక్కడి నుంచి తెస్తాడు అని. వలస కూలీ అన్న మాట పత్రికల్లో ఇంతగా వినపడని రోజుల్లో ఆయన ఆ సంగతి పట్టుకున్నారు. ఆయన కూడా 1948లో కొన్నాళ్లు జైలులో ఉన్న మనిషే. అది మనసులో ఉండే రాశారో లేదో చెప్పలేను గానీ, జైలు ముఖం చూడని కలం నుంచి ఆ ప్రశ్న అంత సూటిగా రావడం కష్టం. ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ స్థానిక జామీనుదారే కావాలనే షరతులు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇది మన దేశపు రోగమే కాదు, కొత్త రోగమూ కాదు. 1773లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌కు జాన్ హోవర్డ్ అనే ఆయన షెరీఫ్ అయ్యారు. అప్పటి దాకా ఆ పదవిలోకి వచ్చినవాళ్లు జైలు బాధ్యత కింది వాళ్లకు అప్పగించి ఊరుకునేవారు. ఈయన స్వయంగా లోపలికి వెళ్లి చూశారు. నిర్దోషులని తేలినవాళ్లు కూడా లోపలే ఉన్నారు. ఎందుకంటే జైలరుకు జీతం లేదు, ఖైదీల దగ్గర వసూలు చేసుకునే రుసుమే అతని బతుకు. రుసుము కట్టేదాకా ఎవరినీ వదలడు. జైలరుకు జీతం ఇవ్వండి, ఈ వసూలు ఆపండి అని హోవర్డ్ ఆ జిల్లా న్యాయాధికారులను అడిగారు. ఇంతకుముందు ఎక్కడైనా ఇలా ఇచ్చారా, ఉంటే చూపించు అన్నారు వాళ్లు. చూపించడానికి ఆయన పక్క జిల్లాలకు బయలుదేరారు. అలా ఇచ్చిన జిల్లా దొరకలేదు గానీ, ప్రతి జైలులోనూ అదే అన్యాయం దొరికింది. ఆ తర్వాత ఆయన ప్రయాణం ఆగలేదు. 1774లో ఆయన పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పిన ఏడాదే నిర్దోషుల దగ్గర రుసుము వసూలు చేయకూడదని చట్టం వచ్చింది. 1790లో నల్లసముద్రం దాపున ఖెర్సన్‌లో చనిపోయేదాకా దేశదేశాల జైళ్లు చూస్తూనే ఉన్నారు. ఆఫీసులో ‘ముందు ఇలా ఎక్కడైనా జరిగిందా’ అని అడిగే ఆనవాయితీ ఎంత పాతదో చూశారా! ఈసారి ఎవరైనా మిమ్మల్ని అలా అడిగితే విసుక్కోకండి, జైలు సంస్కరణ ఉద్యమమే ఆ ప్రశ్న నుంచి పుట్టింది. (నవ్వులు)

ఆయన పేరు మీద 1866లో లండనులో మొదలైన సంఘం ఇవాళ్టికీ పనిచేస్తోంది, హోవర్డ్ లీగ్ అంటారు. వాళ్ల పని తీరుకు ఒక్క ఉదాహరణ. 2013 నవంబరులో ఇంగ్లండు, వేల్స్ జైళ్లలో పార్శిళ్ల మీద ఆంక్షలు పెట్టారు. ఇంటి నుంచి ఖైదీలకు పుస్తకాలు వచ్చే దారి దాంతో మూసుకుపోయింది. నిబంధనల పుస్తకంలో ఎక్కడో మూల ఉన్న ఆ మార్పును ఈ సంఘం పైకి తీసింది. రచయితలు గొంతు కలిపారు. 2014 డిసెంబరులో అక్కడి హైకోర్టు ఆ ఆంక్ష చెల్లదని చెప్పింది. దీని నుంచి నేను నేర్చుకున్నది, నిబంధనలను ఓపికగా చదవడం. జైలు మాన్యువల్ కంటే నిద్రపట్టించే పుస్తకం లేదు, నిజమే. కానీ ఖైదీ బతుకు అందులోని అక్షరాల మీదే నడుస్తుంది.

మన దగ్గరికి వద్దాం. 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు వ్యాసాలు వచ్చాయి. రాసింది కె.ఎఫ్. రుస్తుంజీ. ఆయన పౌరహక్కుల కార్యకర్త కాదు, రిటైరైన పోలీసు ఉన్నతాధికారి, అప్పటికి జాతీయ పోలీసు కమిషన్ సభ్యులు. బీహారు జైళ్లు చూసివచ్చి రాశారు. తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణ మొదలే కాకుండా లోపల ఉన్నవాళ్ల వివరాలు అందులో ఉన్నాయి. ఆ వ్యాసాలు చదివి న్యాయవాది కపిలా హింగోరాణి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. విచారణ త్వరగా జరగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కని జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చింది. ఆ కేసు ఫలితంగా దేశమంతటా సుమారు నలభై వేల మంది విచారణ ఖైదీలు బయటికి వచ్చారని చెబుతారు. ఒక రిటైర్డు పోలీసు అధికారి పర్యటన, రెండు పేపరు వ్యాసాలు, ఒక న్యాయవాది పట్టుదల. పెద్ద సంస్థ లేదు, నిధులు లేవు. ‘మా దగ్గర వనరులు లేవండీ’ అనే సంఘాలకు నేను ఈ కేసు చెబుతుంటాను.

తెలుగు నేలకు ఈ చరిత్రలో చోటు ఉంది, మనమే పెద్దగా చెప్పుకోం. 1974లో విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని నక్సలైటు ఖైదీలు వేసిన కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడు అని. వాళ్లు అసలు అడిగినది జైలు గోడ మీద కరెంటు తీగ తీసేయమని. ఆ విషయంలో కోర్టు వాళ్లకు ఏమీ ఇవ్వలేదు, పారిపోవాలని చూస్తే తప్ప ఆ తీగ తగలదు కదా అంది. తీగ అలాగే ఉంది, సూత్రం మాత్రం ఆ తర్వాత వచ్చిన ఖైదీల హక్కుల తీర్పులకు పునాది అయింది. ఓడిన కేసు కూడా ఒక్కోసారి ఇలా పనికొస్తుంది.

రెండోది కోయిలకుంట్ల. కర్నూలు జిల్లా కక్షల రోజులు. 1977 మే 5 రాత్రి తెల్లవారబోతుండగా సబ్‌జైలులోకి కొందరు చొరబడి ఒక గదిలోకి బాంబులు విసిరారు. అందులో చల్లా చిన్నప్పరెడ్డి, చల్లా రామకృష్ణారెడ్డి ఉన్నారు. మొదటి ఆయన చనిపోయారు, రెండో ఆయన గాయాలతో బయటపడ్డారు. తమకు ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. ఆ రాత్రి కాపలాకు ఉండాల్సినంత మంది లేరు. నష్టపరిహారం అడిగితే, జైలు నడపడం ప్రభుత్వ సార్వభౌమాధికారంలో భాగం, దాని మీద దావా వేయకూడదు అని ప్రభుత్వం వాదించింది. ఆ వాదన చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తేల్చి, లక్షా 44 వేల రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది. లోపల ఉన్నవాడి ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అన్న మాట ఆ సబ్‌జైలు గది నుంచి వచ్చింది. అయితే 23 ఏళ్లు పట్టింది.

కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు పౌరహక్కుల ఉద్యమంలో ఉండగా ఖైదీల పని దానిలో భాగంగానే నడిచింది. అందరికీ తెలిసిన ఉదాహరణ చిలకలూరిపేట. 1993 మార్చి 8న దోపిడీ కోసం బస్సుకు నిప్పు పెట్టిన ఘటనలో 23 మంది చనిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. క్షమాభిక్ష అర్జీ తిరస్కరించారు, 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పెట్టారు. ఆఖరి ఘడియల్లో సుప్రీంకోర్టు ఆపింది. మరుసటి ఏడాది రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆ మధ్యకాలమంతా ఊరూరా సభలు, సంతకాలు, అర్జీలు. ఆ పని చేసినవాళ్లలో ఎవరూ నేరం చిన్నదని అనలేదు. 23 మంది కాలిపోయిన నేరాన్ని చిన్నదని ఎవరంటారు? చంపడం వద్దని మాత్రమే అన్నారు. అప్పట్లో వాళ్లు తిన్న తిట్లు ఇప్పటి సోషల్ మీడియాకు ఏమీ తీసిపోవు.

హేమలతా లవణం గారి పని వేరే రకం. జాషువా గారి కూతురు, గోరా గారి కోడలు. 1970లలో ఆమె స్టూవర్టుపురం వెళ్లారు. దొంగల ఊరని ముద్రపడ్డ ఊరు. ఆ ముద్ర వేసింది ఎవరు? 1871లో బ్రిటిషు వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం. పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్థులుగా రాసేసిన చట్టం అది. 1952లో రద్దయింది, ముద్ర రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఈ ఊరి మనుషుల్నే పట్టుకొచ్చేవారు. హేమలత గారు జైళ్లలో ఉన్న ఆ ఊరి మనుషులతోనూ, ఊళ్లోని వాళ్ల ఇళ్లతోనూ ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు, సంస్కార్ సంస్థ అలా నిలబడింది. ఖైదీకి సాయం అంటే అతని ఇంటిని కూడా కలుపుకోవాలని ఆ పని చూసినవాళ్లకు తెలిసింది.

ఆ ముద్ర సంగతి ఇంకా అయిపోలేదు. పాత్రికేయురాలు సుకన్య శాంత జైళ్లలో కుల వివక్ష మీద రాసిన కథనాల ఆధారంగా వేసిన పిటిషన్‌లో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాకీ పని ఫలానా కులం వాళ్లే చేయాలి, వంట ఫలానా కులం వాళ్లే చేయాలి అనే తరహా నిబంధనలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో అప్పటికి అచ్చులో ఉండేవి. సంచార తెగల వాళ్లను నేరం అలవాటైనవాళ్లుగా చూసే నిబంధనలూ ఉండేవి. వాటన్నిటినీ కొట్టేసింది, మాన్యువళ్లు మార్చమంది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. రాజ్యాంగం వచ్చి 74 ఏళ్లు గడిచాక! ఇన్నేళ్లూ ఆ పుస్తకం మన ఆఫీసుల బీరువాల్లోనే ఉంది. చదవాలన్నది అందుకే.

స్త్రీ ఖైదీల పిల్లల గురించి 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోనివే, ఆర్.డి. ఉపాధ్యాయ కేసు అంటారు. ఆరేళ్ల దాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. వాళ్లకు విడిగా తిండి, చదువు, ఆట. అన్నిటికంటే నాకు నచ్చింది ఒక చిన్న ఆదేశం. బిడ్డ జైలులో పుడితే జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి. రేపు బడిలో ఆ కాగితం చూపించే పిల్లను ఊహించుకుని రాసిన వాక్యం అది. మీరు మహిళా జైలుకు వెళితే ఆ కాగితాలు అడిగి చూడండి.

ఇక మళ్లీ గేటు దగ్గరికి. 2021 జులైలో ఆగ్రా జైలులో పదముగ్గురికి విడుదల ఉత్తర్వులు వచ్చినా రోజుల తరబడి వదల్లేదన్న వార్త చూసి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు, మన కృష్ణా జిల్లా ఆయనే, కేసు స్వయంగా చేపట్టారు. ఉత్తర్వులు మోసుకొచ్చే పావురాల కోసం ఇంకా ఆకాశం వైపు చూస్తున్నారని అన్నారు. తర్వాతి ఏడాది మార్చిలో ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జైళ్లకు పంపే ఫాస్టర్ అనే ఏర్పాటు వచ్చింది. 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము జైళ్లలో మగ్గే పేదల గురించి, రాసుకొచ్చిన ప్రసంగం పక్కనపెట్టి మాట్లాడారు. మూడు రోజులకు సుప్రీంకోర్టు రాష్ట్రాలను లెక్కలు అడిగింది. బెయిలు వచ్చీ లోపలే ఉన్నవాళ్లు సుమారు 5,000 మంది ఉన్నట్టు జాతీయ న్యాయసేవల సంస్థ చెప్పింది. అందులో 1,417 మందిని విడిపించారు.

2023 జనవరి 31న కోర్టు ఇచ్చిన ఆదేశాలు ప్రతి సంఘం దగ్గరా ఉండాలి. బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజో మర్నాడో జైలు సూపరింటెండెంటుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవా సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలో జామీను పెట్టుకోలేకపోతే కోర్టే ఆ షరతులను మళ్లీ పరిశీలించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలన్న షరతు ఆలస్యానికి కారణమవుతోందని కూడా అందులో గుర్తించారు. మోతీరాం తీర్పు నాటి మాటే!

అదే ఏడాది కేంద్ర బడ్జెట్‌లో పేద ఖైదీలకు సాయం అని ఒక పథకం ప్రకటించారు. ఏటా 20 కోట్లు. మొదటి మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి జామీను కోసం 40 వేల దాకా, జరిమానా కట్టలేక లోపల ఉన్న శిక్షా ఖైదీకి 25 వేల దాకా ఇవ్వవచ్చు. మాదకద్రవ్యాలు, ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) వంటి కేసుల వాళ్లకు వర్తించదు. డబ్బు ఉంది, కమిటీ ఉంది, ఫారం ఉంది. అయినా రాష్ట్రాలు వాడుకోవడం లేదని కేంద్రమే లేఖలు రాయాల్సి వచ్చింది. ఎందుకు? కమిటీ కూర్చోవాలంటే కలెక్టరుకు తీరిక కావాలి. తీరిక కావాలంటే ఎవరో ఒకరు వెళ్లి ఫైలు కదపాలి. ఖైదీ వెళ్లలేడు, అతని తల్లికి కలెక్టరేట్ ఎక్కడుందో తెలియదు. సంఘానికి ఉన్న పని సరిగ్గా ఇక్కడే.

ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ తరఫున 1990లో మొదలైన ప్రయాస్ ఈ పనిని ఉద్యోగంలా చేయించింది. సామాజిక కార్యకర్తలను పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో, జైళ్లలో కూర్చోబెట్టింది. వాళ్లు వాదించరు. ఇంటికి ఫోను చేస్తారు. ఇంటివాళ్లకు దారి ఖర్చు ఇస్తారు. రేషన్ కార్డు నకలు తెప్పిస్తారు. బయటికి వచ్చాక ఎక్కడ పడుకుంటాడో చూస్తారు. వినడానికి గొప్పగా ఉండదు. మాకైతే అనుభవంలో తేలింది ఏమిటంటే, సగం కేసుల్లో కావలసింది పెద్ద వకీలు కాదు, పని చేసే ఒక ఫోను నంబరు. సెల్లు లాక్కున్నాక తన భార్య నంబరు గుర్తులేక నెలల తరబడి ములాఖత్‌కు ఎవరూ రానివాళ్లు లోపల ఉన్నారు.

కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, దానికి ఒక మెలిక కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపితే బెయిలు ఇవ్వాలి. అంతకుముందు శిక్షే పడనివాడైతే మూడో వంతు చాలు. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. ఆ కాలం పూర్తయిన వెంటనే కోర్టుకు రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంటుది. 2024 ఆగస్టు 23న జస్టిస్ హిమా కోహ్లీ, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినావిడ, ఉన్న ధర్మాసనం ఇది పాత కేసులకూ వర్తిస్తుందని చెప్పింది. మెలిక ఏమిటంటే, ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉంటే ఈ వెసులుబాటు లేదు. పేదవాడి మీద ఒక కేసు పెట్టి ఊరుకోవడం అరుదు కదా. ఒక దొంగతనంలో పట్టుకుంటే ఊళ్లో తేలని నాలుగు దొంగతనాలు తగిలిస్తారు. సంఘాలు ఈ ఉపసెక్షన్ మీద గట్టిగా మాట్లాడాలి.

బాధితుల మాటేమిటి అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తాను. విచారణ ఏళ్ల తరబడి సాగితే బాధితులకు ఏం దొరుకుతుంది? వాయిదాలు. సాక్షులు మరచిపోతారు, ఊరు మారతారు, ఆఖరికి కేసు కొట్టేస్తారు. విచారణ త్వరగా జరగాలని ఖైదీ తరఫున అడిగితే అది బాధితుల తరఫున అడిగినట్టు కూడా అవుతుంది. నేరం చేసినవాడిని వదిలేయమని ఈ సభలో నేను ఒక్క మాట అనలేదు.

మొదలుపెట్టదలచుకున్నవాళ్లకు కొన్ని మాటలు. పెద్ద పేరు పెట్టుకుని, లెటర్‌హెడ్ అచ్చు వేయించుకుని మొదలుపెట్టకండి. ఒక జిల్లా, ఒక సబ్‌జైలు తీసుకోండి. జైలులోకి అనుమతి జైళ్ల శాఖ ఇవ్వాలి, ఆలస్యమవుతుంది. ఈలోగా జిల్లా న్యాయసేవా సంస్థలో పారాలీగల్ వలంటీరుగా చేరితే మీకో గుర్తింపు ఉంటుంది. ఒక రిజిస్టరు పెట్టండి. అరెస్టు తేదీ, సెక్షన్లు, బెయిలు వచ్చిన తేదీ, జామీను ఎందుకు ఆగింది, ఇంటి ఫోను నంబరు, తర్వాతి వాయిదా, వేరే కేసులో హాజరుపరచమనే పీటీ వారంటు ఉందా. ఇంతే. జిల్లా జడ్జి, కలెక్టరు, ఎస్పీ ఉండే విచారణ ఖైదీల సమీక్షా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ లహోటీ 2013లో రాసిన లేఖతో మొదలైన కేసులో 2015లో ఆ కమిటీలు వేయించారు. ఆ సమావేశానికి వారం ముందు మీ రిజిస్టరులోని పేర్లు తేదీలతో సహా కార్యదర్శి బల్ల మీద ఉండాలి. కరపత్రం పంపితే పక్కన పెడతారు. ఫలానా బ్యారక్‌లో ఫలానా మనిషి, బెయిలు వచ్చి ఇన్ని రోజులైంది, ఇదిగో ఉత్తర్వు నకలు అని ఇస్తే పక్కన పెట్టడం కష్టం.

ఖైదీ చెప్పినదంతా నమ్మకండి, నమ్మకుండానూ ఉండకండి, కాగితం చూడండి. వార్డరుతో తగాదా పెట్టుకోకండి, అతనూ ఆ గోడల మధ్యే రోజుకు పన్నెండు గంటలు ఉంటాడు. డబ్బు చేతిలో పెట్టకండి. విడుదలైన రోజున బస్సు టికెట్టు కొనిచ్చి ఎక్కించండి, రాత్రి పూట గేటు బయట వదిలేస్తే సగంమంది మళ్లీ పట్టుబడేది బస్టాండులోనే.

ఇవాళ రాత్రే ఎవరైనా ఫోను చేసి మా తమ్ముణ్ణి పట్టుకెళ్లారండీ అంటే మీకు వకీలు తెలియకపోవచ్చు. న్యాయసేవల సంస్థ ఉచిత సహాయ నంబరు 15100. అరెస్టయినవాళ్లకు, రిమాండులో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి, చట్టం 1987 నాటిది. అడిగే హక్కు వాళ్లకుంది. నంబరు రాసుకోండి, మిగిలినవి ప్రశ్నల్లో చూద్దాం. సబ్‌జైలు అనుమతుల గురించి అడగదలచుకున్నవారు ఆఖర్లో ఉండండి, ఆ ఫారాల నకళ్లు తెచ్చాను.